తెల్లబడిన కోరల్ చచ్చిపోయినట్టేనా?

ఇంటి అక్వేరియం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారం సార్. మాది హైదరాబాద్, మియాపూర్. మూడేళ్ల క్రితం ముచ్చటపడి సముద్రపు నీటి అక్వేరియం పెట్టుకున్నాం. మూడడుగుల ట్యాంక్, కింద సంప్‌తో (ట్యాంక్ నీళ్లు వచ్చి పోయే అడుగు తొట్టి) కలిపి 250 లీటర్ల నీళ్లు. సంక్రాంతికి భీమవరం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. చేపలకు మేత వేయమని పక్క ఫ్లాట్ అబ్బాయికి తాళాలిచ్చాం. కనుమ రోజు పొద్దున్నే ఆ అబ్బాయి ఫోన్ చేసి, "ఆంటీ, నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి, ఏదో వాసన వస్తోంది" అన్నాడు. ఆ రాత్రే బస్సెక్కి వచ్చేశాం. తలుపు తీయగానే కుళ్లు వాసన. థర్మామీటర్ 35 డిగ్రీలు చూపిస్తోంది. 26 దగ్గర పెట్టిన హీటర్ ఆగకుండా వెలుగుతూనే ఉంది. స్విచ్ ఆపేశాను.

పెద్ద క్లౌన్ చేప, గోబీ అనే చిన్న చేప, క్లీనర్ రొయ్య, అనిమోన్ (పువ్వులా కనబడే సముద్ర జీవి) పోయాయి. చిన్న క్లౌన్ ఒక్కటే రాయి వెనక దాక్కుంది, తిండి ముట్టడం లేదు. హామర్ అనే రాతి కోరల్ (పగడం) మొత్తం తెల్లబడిపోయింది. లెదర్ అనే మెత్తని కోరల్ వాలిపోయింది, జోవాంథిడ్లు (రాయిని అంటుకుని పెరిగే పువ్వుల్లాంటి జీవులు) ముడుచుకుపోయాయి. సంప్‌లో నీళ్లు బాగా తగ్గి ఉంటే కంగారులో వంటింటి ఆర్‌ఓ నీళ్లు 25 లీటర్ల దాకా పోసేశాను. అమోనియా కిట్‌లో 1 అని వస్తోంది. మావారేమో అంతా పారబోసి, బ్లీచింగ్‌తో కడిగి మళ్లీ మొదలుపెడదామంటున్నారు. రాళ్లను మరిగిస్తే క్రిములు చస్తాయని మా అత్తయ్య. షాపతను ఏదో మందు పోయమన్నాడు. మా తొమ్మిదేళ్ల పాప మిగిలిన చేపను చూసి ఏడుస్తోంది, అది ఒంటరిగా ఉండిపోతుందా అని. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మా, మీ కష్టం పత్రిక అచ్చయ్యేదాకా ఆగేది కాదు. అందుకే మీ మెయిల్ చూసిన గంటలోనే ఫోన్ చేశాను. ఆ రోజు మనం మాట్లాడుకున్నది, ఆ తర్వాత ఐదు వారాల్లో జరిగింది ఇక్కడ రాస్తున్నాను. ఇదే ఆపద రేపు ఇంకొకరి ఇంట్లో రావచ్చు.

మీరు ఫోన్ ఎత్తగానే అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "చేయి పెట్టి చచ్చినవి తీస్తున్నాను సార్" అన్నారు. హీటర్ స్విచ్ ఆపారు గానీ ప్లగ్ గోడకే ఉంది. నేను కాస్త గట్టిగానే అరిచాను, ఏమీ అనుకోకండి. పాడైన హీటర్ గాజు ఎక్కడో బీట వేసి ఉండొచ్చు. ఉప్పునీళ్లలో కరెంటు ఇట్టే పారుతుంది. మన ఇళ్లలో కొన్నిచోట్ల స్విచ్‌ను ఫేజ్‌కు కాకుండా న్యూట్రల్‌కు కలిపేసి ఉంటారు. అలాంటప్పుడు స్విచ్ ఆపినా హీటర్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. నీళ్లలో చేయి పెట్టే ముందు ట్యాంక్‌కు సంబంధించిన ప్లగ్‌లన్నీ పీకేయాలి. ఇంట్లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ముందు అది పెట్టించుకోవాలి. చేపలు, కోరల్స్ ఆ తర్వాతే.

ఇక ట్యాంక్ సంగతి. ఆ పాలలాంటి తెలుపు బ్యాక్టీరియా. చచ్చినవి కుళ్లుతుంటే ఆ తిండి మీద బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగిపోతుంది, నీళ్లలో ఉన్న ఆక్సిజన్ లాగేసుకుంటుంది. అసలే వేడినీళ్లు ఆక్సిజన్‌ను పట్టి ఉంచలేవు. సముద్రపు నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు పట్టుకుంటాయి, 35 దగ్గర 6 కూడా ఉండవు. మీ గోబీ, రొయ్య వేడికి కొంత, ఊపిరాడక కొంత పోయాయి. అందుకే వేవ్‌మేకర్‌ను (నీళ్లను కదిలించే పంపు) పైకి తిప్పి నీటి పైభాగం కుతకుతలాడేలా పెట్టమన్నాను. మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టమన్నాను. మీరు ఫ్రిజ్‌లో ఐస్ ట్రేలు సిద్ధం చేసి ఉంచారు, వేయకుండా ఆగడం మంచిదైంది. ఐస్ నేరుగా వేస్తే ఉప్పు పలచబడుతుంది, వేడీ ఒక్కసారిగా పడిపోతుంది. హైదరాబాద్ జనవరి రాత్రి చల్లదనమే చాలు. మర్నాడు మధ్యాహ్నానికి 27కి వచ్చింది.

చచ్చినవాటిని ఏరడం ఈ పనుల్లో అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే ముఖ్యం. కంటికి కనబడే చేప కాదు ప్రమాదం. రాతి సందులో ఇరుక్కున్న అనిమోన్ ముక్క, గుల్ల లోపలే కుళ్లిన నత్త, అవే అమోనియాను రోజుల తరబడి వదులుతాయి. మీ దగ్గర తొమ్మిది నత్తలున్నాయన్నారు. ఒక్కొక్కటీ బయటికి తీసి, మూతి దగ్గర వేలితో తాకి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడమన్నాను. బతికున్న నత్త వేలు తగలగానే లోపలికి ముడుచుకుంటుంది, సముద్రం వాసనే వస్తుంది. చచ్చినదైతే కుళ్లిన కోడిగుడ్డు కంపు, ఇక రెండో మాట లేదు. మీ పాప కూడా పక్కన కూర్చుని వాసన చూసి చెప్పిందట, "అమ్మా, ఇది ఉంది, ఇది లేదు" అని. నాలుగు మిగిలాయి.

ఆ తర్వాత మిమ్మల్ని అడిగిన ప్రశ్న మీకు వింతగా తోచింది: "మీ వాటర్ ప్యూరిఫయర్ మీద కాపర్ అని రాసి ఉందా?" మీరు వెళ్లి చూసి ఉందన్నారు. ఇది తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడు చాలా మామూలైన విషయం కనుక కొంచెం వివరంగా చెప్పాలి. రాగి చెంబులో రాత్రి పోసుకున్న నీళ్లు పొద్దున తాగే అలవాటు మనది. దాన్ని చూసే కంపెనీలు ఆర్‌ఓ యంత్రాల్లో నీళ్లకు రాగి కలిపే అర పెట్టాయి. మనిషికి హాని లేని ఆ కొద్ది రాగి రొయ్యకు, నత్తకు, కోరల్‌కు విషం. చేపల జబ్బుకు రాగి మందు వాడేవాళ్లు చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి మరీ వాడేది అందుకే. రాగి అర లేని యంత్రమైనా, వంటింటి ఆర్‌ఓలో చాలావాటికి రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపే ఏర్పాటు ఉంటుంది. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే 50, 80 చూపిస్తాయి. కోరల్ ట్యాంక్‌కు కావలసింది సున్నా. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఐ రెజిన్ గుండా వచ్చిన నీళ్లే వాడాలి.

మీరు పోసిన 25 లీటర్లు 250లో కలిసి పలచబడ్డాయి కనుక రాగి కిట్‌లో రంగు రాలేదు. అయినా రాగిని పీల్చే రెజిన్ ఒక సంచి సంప్‌లో పెట్టించాను, పక్కనే యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లను శుద్ధి చేసే బొగ్గు). కార్బన్‌తో ఇంకో పని కూడా ఉంది. లెదర్ కోరల్ కష్టంలో ఉన్నప్పుడు చుట్టుపక్కల కోరల్స్‌కు హాని చేసే రసాయనాలు వదులుతుంది, వాటినీ అది పట్టుకుంటుంది. మొదటి రెండు వారాలు నాలుగు రోజులకోసారి కార్బన్ మార్చాలి. షాపతను చెప్పిన మందు సంగతి అడిగారు. అది గోరుచుట్టు మీద రోకటిపోటు, వద్దే వద్దు.

నీళ్లు మార్చడం మూడు రోజులు వరుసగా చేశాం, రోజుకు 50 లీటర్లు. డ్రమ్ములో డీఐ నీళ్లు పోసి, లీటరుకు సుమారు 36 గ్రాముల లెక్కన అక్వేరియం సాల్ట్ మిక్స్ కలిపి, చిన్న పంపుతో ఒక రాత్రంతా తిప్పి, ట్యాంక్‌తో సమానమైన వేడికి, సమానమైన ఉప్పుకు తెచ్చాకే పోయాలి. వంటింటి ఉప్పు కాదు, సాల్ట్ మిక్సే. అందులో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. మూడో రోజు సాయంత్రానికి అమోనియా 0.25కి దిగింది. తొమ్మిదో రోజున సున్నా.

ఇప్పుడు మీవారి మాట, అత్తయ్యగారి మాట దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను కదిలించింది అదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖ మీద విరుచుకుపడ్డ రోజు మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంక్ ఉంది. అప్పటికి ఆరేళ్లుగా పెంచినది. మా వీధికి ఆరు రోజులు కరెంటు రాలేదు. బ్యాటరీ ఎయిర్ పంప్ రెండో రోజే ఆగిపోయింది. నేనూ మా ఆవిడా వంతులు వేసుకుని చెంబుతో నీళ్లు ముంచి, టీ తిరగబోసినట్టు పైనుంచి పోస్తూ కూర్చున్నాం. పావుగంటకోసారి పది చెంబులు, రాత్రీ పగలూ. ఆరో రోజు సాయంత్రం కరెంటు వచ్చేసరికి సగం చేపలు, కోరల్స్‌లో సగానికి పైగా బతికే ఉన్నాయి. తెల్లగా, వాడిపోయి ఉన్నాయి గానీ బతికి ఉన్నాయి. కానీ ఆ నీళ్లు, ఆ వాసన చూసి ఓపిక నశించింది. ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి, రాళ్లన్నీ కుళాయి నీళ్లతో కడిగేశాను. క్లోరిన్ ఉన్న నీళ్లు. తుఫాను చంపలేనివాటిని ఆ ఒక్క సాయంత్రం నా చేతులతో చంపాను. జువాలజీ పాఠాలు చెప్పే మనిషిని, నాకు తెలియనిది కాదు. ఆ బాధ పదేళ్లు దాటినా పోలేదు.

అప్పుడు ఒక్కటి మిగిలింది. చోటు చాలక బాల్కనీలో బకెట్లో పాత నీళ్లలో వదిలేసిన ఒక రాయి మీద చొక్కా గుండీ అంత మష్రూమ్ కోరల్. నేను కడగడం మరచిపోయిన రాయి అదొక్కటే. ఇప్పుడు మా ట్యాంక్‌లో ఎడమ గోడ నిండా ఉన్నవి దాని పిల్లలే.

రాళ్లలో, ఇసుకలో ఉండే బ్యాక్టీరియాయే మీ ట్యాంక్‌కు ఊపిరి. అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది అదే. 35 డిగ్రీల వేడికి అది చావదు. మీ అమోనియా తొమ్మిది రోజుల్లో సున్నాకు వచ్చిందంటే ఆ రాళ్ల పుణ్యమే. బ్లీచింగ్‌తో కడిగితే ఆ బ్యాక్టీరియా పోయి మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క, నెలన్నర దాకా చేప వేయలేని ట్యాంక్ అవుతుంది. మీవారికి ఇది నా మాటగా చెప్పండి.

రాళ్లు మరిగించడం మాత్రం ఎప్పటికీ, ఎవ్వరూ చేయకూడదు. జోవాంథిడ్లలో, ముఖ్యంగా పాలీథోవా జాతుల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో దొరికే మహా ఘోరమైన విషాల్లో అదొకటి. ఆ రాళ్లను మరిగించినా, బ్రష్షుతో రుద్ది వేడినీళ్లు పోసినా ఆ విషం ఆవిరితో, తుంపర్లతో గాలిలోకి లేస్తుంది. అలా చేసి ఇంటిల్లిపాదీ ఊపిరాడక ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. జోవాంథిడ్ ఉన్న రాయిని తాకేటప్పుడు చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. వేలికి కోత ఉంటే అసలు తాకకండి. అత్తయ్యగారు మంచి ఉద్దేశంతోనే అన్నారు, వంటింటి శుభ్రతకు అది సరైన మాటే. ఈ రాళ్లకు మాత్రం కాదు.

తెల్లబడిన హామర్ గురించి మీరు మూడుసార్లు అడిగారు. కోరల్ ఒంట్లో కంటికి కనబడనంత చిన్న శైవలాలు (నాచు జాతి) కాపురం ఉంటాయి. వెలుతురుతో తిండి వండి ఇంటి యజమానికి పెట్టేది అవే, దానికి రంగునిచ్చేవీ ఎక్కువగా అవే. వేడి ఎక్కువైతే ఆ శైవలాల వంట గతి తప్పి విషపదార్థాలు తయారవుతాయి. దాంతో కోరల్ వాటిని బయటికి నెట్టేస్తుంది. మిగిలేది గాజులాంటి చర్మం, దాని కింద సున్నపు ఎముక. అందుకే తెల్లగా కనబడుతుంది. లక్షద్వీప్‌లో 1998లో, 2010లో, 2016లో, మళ్లీ 2024లో సముద్రం వేడెక్కినప్పుడు జరిగింది ఇదే. కాకపోతే అక్కడ వారాల తరబడి జరిగింది మీ హాల్లో రెండు రోజుల్లో జరిగిపోయింది.

తెల్లబడిన కోరల్ ఆకలితో ఉన్న కోరల్. చచ్చినదో బతికున్నదో ఇలా చూడాలి. లైట్లు ఆపిన రెండు గంటల తర్వాత చిన్న టార్చికి ఎర్ర కాగితం చుట్టి పక్కనుంచి వెలుతురు వేయండి. చచ్చిన తలలో (కొమ్మ చివరి భాగంలో) సున్నపు పలకలు పదునుగా, పొడిబారిన ముగ్గురాయిలా కనిపిస్తాయి, నాలుగైదు రోజుల్లో వాటి మీద పచ్చని పాచి పడుతుంది. బతికున్న తల అంచున పలకలు కనబడవు. వాటి మీద మెత్తగా, పారదర్శకంగా, ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా ఉబ్బెత్తులు ఉంటాయి. మీరు ఆ రాత్రే చూసి ఫోన్ చేశారు. ఏడు తలల్లో రెండు ముగ్గురాయి, ఐదు సగ్గుబియ్యం. పాయసం పోలిక మీకు ఎంత నచ్చిందో మీ గొంతులోనే తెలిసింది.

ఆ ఐదింటికి చేయాల్సింది తక్కువే. వెలుతురు సగానికి తగ్గించాలి, ఎందుకంటే రంగు లేని చర్మానికి గొడుగు లేనట్టే. ఆపైన వారానికి కాస్త చొప్పున ఆరు వారాల్లో పాత స్థాయికి పెంచాలి. శైవలాలు తిరిగొచ్చేదాకా మనమే తినిపించాలి. వారానికి రెండు రాత్రులు, పంపులు పావుగంట ఆపి, అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిట్టి రొయ్యలాంటి జీవి) పిల్లల్ని డ్రాపర్‌తో తల మీద నెమ్మదిగా వదలాలి. ఎక్కువ పెడితే మళ్లీ నీళ్లు పాడవుతాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా చేయాలని ఆరాటపడొద్దు. నైట్రేట్ 5 నుంచి 10 ఉంటే కోరల్‌కే మంచిది.

ఇంకో విషయం మీరు అడగలేదు గానీ నేనే గుర్తు చేశాను. కొలత ప్రకారం తనంతట తాను ద్రావణం పోసే మీ డోసింగ్ పంప్, కోరల్స్ బాగున్న రోజుల లెక్కతోనే ఆల్కలినిటీ ద్రావణం (కోరల్ ఎముక పెంచుకోవడానికి వాడుకునేది) పోస్తూ ఉంది. తినేవాళ్లు లేని ఇంట్లో పాత కొలతకే వండినట్టు. కొలిస్తే ఆల్కలినిటీ 12.5 డీకేహెచ్ (దాని కొలమానం) వచ్చింది. దాన్ని ఆపేస్తే నీళ్ల మార్పిడితోనే పది రోజుల్లో 9కి దిగింది. కోరల్స్ మళ్లీ పెరగడం మొదలుపెట్టి, ఆ అంకె తగ్గుతూ కనిపించాకే పంప్ వేయండి.

పాపకు నేను చెప్పిన జవాబు ఆమె ఒప్పుకుంటే అందరికీ చెప్తాను. క్లౌన్ చేపలన్నీ పుట్టినప్పుడు మగవే. జంటలో పెద్దది ఆడది అవుతుంది. ఆ పెద్దది పోతే మిగిలిన చిన్న మగచేప కొన్ని వారాల్లో, నెలల్లో మెల్లగా పెరిగి ఆడచేపగా మారుతుంది. మన సెంట్రల్ మెరైన్ ఫిషరీస్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు క్లౌన్ చేపల్ని తొట్లలోనే పొదిగించి పెంచే పద్ధతి చాలాకాలం క్రితమే సాధించారు. సముద్రంలో పట్టినది కాకుండా అలా తొట్టిలో పుట్టిన ఓ చిన్న పిల్లను రెండు నెలల తర్వాత తెచ్చి వేయండి, జంట కుదురుతుంది. అప్పటిదాకా మీ చేపకు ఒంటరితనం కంటే ప్రశాంతత అవసరం. నాలుగు రోజులు తినకపోయినా భయపడొద్దన్నాను. ఆరో రోజు తిన్నదని పాపే ఫోన్ చేసి చెప్పింది.

ఇంతకూ ఇది ఎందుకు జరిగింది? హీటర్ లోపల వేడిని బట్టి కలిసీ విడిపోయే రెండు లోహపు మొనలుంటాయి. రోజుకు ఎన్నోసార్లు కలిసి విడిపోతుంటే ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ. మూడేళ్లకు ఆ మొనలు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇక ఆగే దారి లేదు. మీది 300 వాట్లది. 250 లీటర్ల నీళ్లను అది గంటకు దాదాపు ఒక డిగ్రీ వేడెక్కించగలదు. బయట చలి కొంత లాక్కున్నా, 20 డిగ్రీల గదిలో 35 దాకా తీసుకెళ్లడానికి ఒక్క రోజు చాలు. అదే 100 వాట్లది అతుక్కుపోయి ఉంటే అంత నీటిని 26, 27 దాటించలేకపోయేది. హీటర్ పెద్దదైతే భద్రత అని షాపుల్లో చెప్తారు, నేను దానికి పూర్తి వ్యతిరేకిని. 100 వాట్లవి రెండు పెట్టండి. ఒకటి ఆగిపోతే రెండోది కాస్తుంది, ఒకటి అతుక్కుపోతే చేపలు ఉడకవు. రెండింటినీ, వేడి పెరిగితే కరెంటు ఆపేసే విడి టెంపరేచర్ కంట్రోలర్ ద్వారా కలపండి. మూడో సంక్రాంతికి పాతవి తీసేసి కొత్తవి పెట్టండి. హైదరాబాద్‌లో మార్చి వచ్చాక హీటర్ ప్లగ్ పీకేస్తే పోతుంది.

మొన్న మీరు పంపిన ఫొటో చూశాను. లెదర్ కోరల్ లేచి నిలబడింది. హామర్ ఐదు తలల్లో మూడింటి మొదళ్ల దగ్గర తేనె రంగు తిరిగింది. మిగతా రెండు ఇంకా తెల్లగానే ఉన్నాయి, వాటికి ఇంకో రెండు నెలలు ఇవ్వండి. చచ్చిన ఆ రెండు ముగ్గురాయి తలలను ఇప్పుడే తీయొద్దు.

ప్రశ్న: మాది విజయవాడ. ఎండాకాలం కోతలకు భయపడి ఇంటి ఇన్వర్టర్ మీదే ట్యాంక్ మొత్తం పెట్టాలనుకుంటున్నాం. 150 ఏహెచ్ బ్యాటరీ. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కూడా నడుస్తుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చిల్లర్ పెట్టకండి నాయనా. అది లాగే కరెంటుకు బ్యాటరీ కొన్ని గంటల్లోనే చేతులెత్తేస్తుంది. 150 ఏహెచ్ అంటే 12 వోల్టుల లెక్కన 1,800 వాట్ అవర్లు. బ్యాటరీ చెడిపోకుండా సగమే వాడుకోవాలి, అంటే 900. అందులో 15 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే పెడితే, ఇన్వర్టర్ తినేది తీసేసినా ఒకటిన్నర రోజు గడుస్తుంది. ముందు పోయేది ఆక్సిజన్, వేడి ఆ తర్వాత. నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి, కదలిక లేకపోతే మాత్రం కొన్ని గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కోత రెండు గంటలైతే వేవ్‌మేకర్, దాని మీద చిన్న ఫ్యాన్ చాలు. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు మూత బిగించి సంప్‌లో వేస్తే ఒకటి రెండు డిగ్రీలు నిలబడుతుంది. కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి కొనిపెట్టుకోండి, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు అదే దిక్కు. నెలకోసారి ప్లగ్ పీకి అది నిజంగా మొదలవుతోందో లేదో చూడండి. నాది హుద్‌హుద్ ముందు ఏడాది పాటు నేను చూడలేదు.

ప్రశ్న: సార్, నేను కాకినాడలో డిగ్రీ చదువుతున్నాను. మాకు సముద్రం పక్కనే కదా, ఆ నీళ్లే తెచ్చి వాడొచ్చా? రామేశ్వరం వెళ్లే ఫ్రెండ్ అక్కడి కోరల్ రాళ్లు తెచ్చిస్తానంటున్నాడు.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: బాబూ, మీ ఫ్రెండ్‌కు ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పు. మన సముద్రాల్లోని రాతి పగడాలన్నిటికీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో రక్షణ ఉంది, పులికి ఉన్న షెడ్యూలే. బతికున్నదైనా, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎముకైనా తేవడం నేరం. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడాలను బండ్ల కొద్దీ తవ్వి తీశారు, దాని నష్టం అక్కడి దీవులు ఇప్పటికీ అనుభవిస్తున్నాయి. షాపులో రాతి కోరల్ ఏది కొన్నా విదేశం నుంచి వచ్చిన దిగుమతి కాగితాలు అడుగు. చూపించకపోతే కొనకు.

కాకినాడ నీళ్లు కూడా పనికిరావు. గోదావరి పాయలు అక్కడే కలుస్తాయి, వానాకాలం తర్వాత ఉప్పు బాగా పడిపోతుంది, పైగా పక్కన పోర్టు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూస్తే నెలకో అంకె వస్తుంది. సాల్ట్ మిక్స్ ఖర్చుకు భయపడితే ట్యాంకే చిన్నది పెట్టుకో. రాళ్లకు గుల్లగా ఉండే సిరామిక్ రాయి దొరుకుతుంది. బాగా నడుస్తున్న ట్యాంక్ ఉన్నవాళ్లెవరినైనా అడిగి గుప్పెడు ఇసుక తెచ్చి అందులో వేయి, బ్యాక్టీరియా దానితోనే వస్తుంది. రోజూ చిటికెడు మేత వేస్తూ అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేదాకా ఆగు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటికి మీ పరీక్షలు అయిపోతాయి, ఆ తర్వాత మొదటి చేప గురించి రాయి.